క్యాథెటర్ గొట్టం తయారీ - 4వ పాఠం: జారాలి, వంగాలి, తెగకూడదు

మామిడి తోటలో డ్రిప్ వేసినవాళ్లకు ఈ పని చేతికి అలవాటే. లేటరల్ పైపు చివరను మడిచి, ఎనిమిది అంకెలా ఉండే క్లిప్పులో దూరుస్తాం. నీళ్లు అక్కడితో ఆగిపోతాయి. బంగారుపాళ్యంలోనైనా, దామలచెరువులోనైనా ఏ తోటకు పోయినా కనబడేదే. పొలంలో మనకు అక్కరకొచ్చే ఆ మడతే మనిషి రక్తనాళంలో ఉన్న క్యాథెటర్ అనే సన్నని గొట్టానికి పడితే ప్రాణం మీదికి వస్తుంది. మడత పడని గొట్టం ఎలా తయారవుతుందన్నదే ఈ పాఠం.

పోయిన పాఠంలో ప్లాస్టిక్ గుళికలను కరిగించి గొట్టంగా తీయడం చూశాం. అది చదివి పీలేరు నుంచి ఒక డిప్లొమా విద్యార్థి అడిగాడు: ‘సార్, నునుపుగా ఉండి, బాగా వంగి, గట్టిగా కూడా ఉండే ప్లాస్టిక్ ఏదో ఒక్క పేరు చెప్పండి.’ అలాంటిది లేదు. ఎందుకు లేదో లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది కాబట్టి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

గుండెకు స్టెంట్ వేసేటప్పుడు ఎక్కువగా వాడే గొట్టం 6 ఫ్రెంచ్ సైజు. ఫ్రెంచ్ అంటే బయటి వ్యాసాన్ని మిల్లీమీటరులో మూడో వంతు చొప్పున కొలిచే పద్ధతి. 19వ శతాబ్దంలో పారిస్‌లో వైద్య పరికరాలు చేసిన షారియేర్ పెట్టిన కొలత అది. 6 ఫ్రెంచ్ అంటే 2 మిల్లీమీటర్లు.

బయటి వ్యాసం 2, లోపలి వ్యాసం 1.5 అనుకుందాం. గోడ మందం పావు మిల్లీమీటరు. గొట్టం బిగువు, అంటే వంచబోతే ఎదురు నిలిచే గుణం, బయటి వ్యాసం నాలుగో ఘాతంలోంచి లోపలి వ్యాసం నాలుగో ఘాతాన్ని తీసేస్తే వచ్చే దాన్ని బట్టి ఉంటుంది. 16లోంచి 5.06 పోతే 10.94. ఇప్పుడు బలం కోసం గోడను రెట్టింపు చేద్దాం. లోపలి వ్యాసం 1 అవుతుంది. 16లోంచి 1 పోతే 15. గోడ రెండింతలైనా బిగువు పెరిగింది 37 శాతమే. ప్రవాహం మాత్రం లోపలి వ్యాసం నాలుగో ఘాతాన్ని పట్టి పోతుంది. అదే ఒత్తిడికి ఇంతకుముందు అయిదు చుక్కలు వెళ్లే చోట ఇప్పుడు ఒక్క చుక్కే వెళ్తుంది. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పు చేశాననుకుని నేను మూడుసార్లు సరిచూసుకున్నాను. మీరూ చూసుకోండి.

ఇక తెగడం సంగతి. రక్తనాళాల్లోకి వెళ్లే క్యాథెటర్లకు ఐఎస్‌ఓ 10555-1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం 1.85 మిల్లీమీటర్లు, అంతకు మించిన వ్యాసం ఉన్న గొట్టం కనీసం 15 న్యూటన్ల లాగుడుకు తెగకుండా నిలవాలి. పలచని గోడ ఉన్న మన గొట్టం కోత వైశాల్యం 1.37 చదరపు మిల్లీమీటర్లు. అంటే పదార్థానికి చదరపు మిల్లీమీటరుకు దాదాపు 11 న్యూటన్ల బలం ఉండాలి. మెత్తగా, ఒంటికి ఇబ్బంది లేకుండా ఉండే సిలికోన్ బలం సుమారు 7 నుంచి 10. చాలదు. గోడ రెట్టింపు చేస్తే 6.4 సరిపోతుంది, సిలికోన్ గట్టెక్కుతుంది, కానీ లోపలి దారి ఇరుకైపోతుంది. పాలియురేథేన్‌కైతే ఆ బలం 30 దాటుతుంది. పైగా ఒంటి వేడికి కాస్త మెత్తబడుతుంది. అందుకే పలచని గోడ కావలసిన చోట దానికి గిరాకీ. అయినా గుండె దాకా వెళ్లే గొట్టానికి అదొక్కటే సరిపోదు.

మా నాయనకు మణికట్టు నుంచి యాంజియో చేసిన రోజు నేను డాక్టరు గారిని బతిమాలి, వాడని క్యాథెటర్ ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. పట్టుకునే వైపు చీపురుపుల్లలా బిరుసుగా ఉంది. కొస ఉడికిన సేమియాలా వాలిపోతోంది. ఎక్కడ మారిందో వేలితో తడిమినా అతుకు దొరకలేదు. మెత్తటిదా గట్టిదా అని అప్పటిదాకా నేను గొట్టమంతటికీ కలిపి ఒకటే ప్రశ్న వేసుకుంటున్నాను. జానెడు జానెడుకీ వేరు ప్రశ్న వేసుకోవాలని ఆ రోజు అర్థమైంది.

ఆ గొట్టాన్ని అడ్డంగా కోస్తే మూడు పొరలు కనబడతాయి.

లోపలిది పీటీఎఫ్‌ఈ, మన నాన్‌స్టిక్ దోసె పెనం మీద ఉండే పూతే. 1938లో రాయ్ ప్లంకెట్ దీన్ని అనుకోకుండా కనుగొన్నాడు. స్టెంట్, దానికి దారి చూపే తీగ దీని మీద పెద్దగా రాపిడి లేకుండా జారిపోతాయి. అయితే దోసె అంటుకోని దానికి పై పొర మాత్రం ఎలా అంటుకుంటుంది? అంటుకోదు. అందుకని దాని వెలుపలి ముఖాన్ని సోడియం ద్రావణంతో గీరినట్టు చేస్తారు. తెల్లని పొర గోధుమ రంగుకు తిరుగుతుంది. ఈ పని సరిగ్గా జరగకపోతే పొరలు లోపల విడిపోతాయి, బయటికి ఏమీ తెలియదు. స్టెరిలైజేషన్‌కు గామా కిరణాలు వాడితే పీటీఎఫ్‌ఈ చెడిపోతుంది కాబట్టి ఇలాంటి గొట్టాలకు ఎథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడతారు.

నడిమి పొర సన్నని స్టీలు తీగల జడ. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులో డ్రైవరు స్టీరింగు తిప్పిన వెంటనే చక్రం తిరగాలి, తర్వాతెప్పుడో తిరిగితే లోయలోకే. ఇక్కడ డాక్టరు స్టీరింగు మణికట్టు దగ్గర, చక్రం గుండె దగ్గర, మధ్యలో మీటరు పొడవు గొట్టం. ఆ మెలిని కొస దాకా మోసేది ఈ జడే. అల్లిక దగ్గరయ్యే కొద్దీ గొట్టం మడత పడకుండా వంగుతుంది, దూరమయ్యే కొద్దీ తోపుడుకు నిలుస్తుంది. మెలి పెద్దగా అక్కర్లేకుండా మడత పడకపోవడమే ముఖ్యమైన చోట జడ బదులు స్ప్రింగులా చుట్టిన తీగ మేలు.

బయటి పొరకు ఎక్కువగా పెబాక్స్ అనే ప్లాస్టిక్ వాడతారు. వెదురు పుల్లలను దారంతో కట్టిన తడికను ఊహించుకోండి. పుల్లలు నైలాన్ ముక్కలు, దారం పాలీఈథర్ ముక్కలు. పుల్లల పాలు పెంచితే బిగువు, దారం పాలు పెంచితే మెత్తదనం. ప్లాస్టిక్ గట్టిదనాన్ని చెప్పే షోర్ డి కొలతలో పట్టుకునే వైపు 72 రకం, కొస దగ్గర 35 రకం, మధ్యలో మరికొన్ని. ఈ ముక్కలను జడ మీద వరసగా తొడిగి, పైన వేడికి ముడుచుకునే గొట్టం వేసి కాలుస్తారు. పెబాక్స్ కరిగి జడ సందుల్లోంచి దిగి లోపలి పొరను పట్టుకుంటుంది. అతుకు నా వేలికి దొరకకపోవడానికి కారణం ఇదే.

ఎక్స్‌రేలో కనబడటానికి బయటి పొరలో బేరియం సల్ఫేట్ కలుపుతారు. ఎక్కువైతే బలం తగ్గుతుంది, పైభాగం గరుకవుతుంది. పాళ్ల సంగతి వేరే పాఠంలో చెప్తాను.

బయటి నునుపు వేరే కథ. నానిన సబ్జా గింజ వేళ్ల మధ్య నిలవదు కదా, అలా నీళ్లు పీల్చుకుని జారే పాలీవినైల్‌పైరోలిడోన్ పూతను కొన్ని క్యాథెటర్ల మీద వేస్తారు. తడి ఉన్నంతసేపే ఆ జారుడు. ఆరితే అదే పూత పట్టేస్తుంది.

ఈ వారం మీ పని. కూలర్ పైపు, జ్యూస్ స్ట్రా, లోపల తెల్ల దారాలు జడలా కనబడే నీళ్ల పైపు, ఒక్కొక్కటి మూరెడు తెచ్చుకోండి. అన్నీ కొత్తవే కావాలి. ఆసుపత్రిలో వాడి పారేసినవి ముట్టుకోవద్దు, వాటి వల్ల రోగాలు అంటుకుంటాయి. పెద్ద సీసా నుంచి మొదలుపెట్టి సన్నటి సీసాల చుట్టూ ఒక్కో గొట్టాన్నీ వంచుతూ, ఏ వ్యాసం దగ్గర మడత పడిందో రాసుకోండి. తర్వాత ఒక కొసను పావు చుట్టు తిప్పి, రెండో కొస ఎంత తిరిగిందో చూడండి.

లెక్క ఒకటి: బయటి వ్యాసం 1.7, లోపలిది 1.2 మిల్లీమీటర్లు. ఈ సైజుకు ప్రమాణం అడిగేది 10 న్యూటన్లు. పదార్థానికి ఎంత బలం కావాలో కట్టి, సిలికోన్ తీసుకుంటారో పాలియురేథేన్ తీసుకుంటారో కారణంతో సహా రాసి ఉంచుకోండి. 5వ పాఠాన్ని ఆ జవాబు దగ్గరే మొదలుపెడతాను.