పాత అంబాసిడర్, పద్మిని కార్లలో డాష్‌బోర్డ్, స్విచ్ లైట్లు బాగుచేసుకోవడం ఎలా?

పార్కింగ్ లైట్లు వేసినా స్పీడోమీటర్ ముల్లు సరిగ్గా కనబడదు. వైపర్ స్విచ్ కోసం చీకట్లో తడుముకోవాలి. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లు చాలామంది ఇలాంటప్పుడు నేరుగా ఎల్‌ఈడీ బల్బులు కొనేస్తారు. అవీ మినుకుమినుకుమంటే అప్పుడు వైరింగ్ గుర్తొస్తుంది. ముందు ఎర్త్ (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) చూడాలి, తర్వాత బల్బు హోల్డర్, ఆ తర్వాతే బల్బు.

దగ్గర పెట్టుకోవలసినవి: మల్టీమీటర్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, 400 నంబరు ఎమరీ పేపర్, 1 చదరపు మిల్లీమీటరు నల్ల వైరు రెండు మీటర్లు, అర చదరపు మిల్లీమీటరు ఎర్ర వైరు రెండు మీటర్లు, రింగ్ లగ్గులు, హీట్‌ష్రింక్ స్లీవు, 2 ఆంపియర్ల ఫ్యూజ్‌తో ఒక ఇన్‌లైన్ హోల్డర్.

లోపం ఎక్కడుందో తేల్చుకోండి

లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోతే బల్బుల్ని అనుమానించకండి. లైట్ స్విచ్, డిమ్మర్ (మీటరు లైట్ల వెలుగు తగ్గించి పెంచేది), ఫ్యూజ్, ఈ మూడింట్లో ఏదో ఒకటి పోయి ఉంటుంది. ఒక్క లైటే వెలగకపోతే అది బల్బు లేదా హోల్డర్ తప్పు. అన్నీ వెలుగుతూ మసకగా ఉంటే ఎర్త్ గానీ డిమ్మర్ గానీ.

పాత డిమ్మర్‌లో తీగచుట్ట మీద ఒక పలక జారుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి కదపకపోతే ఆ తీగకు తుప్పు పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇటు చివరి నుంచి అటు చివరికి ఇరవైసార్లు తిప్పండి. చాలావాటికి ఇది చాలు. ఫలితం లేకపోతే డిమ్మర్ రెండు వైర్లనూ ఒక క్షణం కలిపి చూడండి. లైట్లు భగ్గున వెలిగితే దోషి దొరికినట్టే.

మీటర్లు బయటికి తీయడం

బ్యాటరీ ఎర్త్ కేబుల్ విప్పేశాకే డాష్ వెనక చెయ్యి పెట్టండి. విప్పేటప్పుడే బ్యాటరీ ఏ కొన బాడీకి బిగించి ఉందో చూసుకోండి. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ప్లస్ ఎర్త్ బండి, అంటే బ్యాటరీ ప్లస్ కొన బాడీకి బిగించి ఉండేది. మీ బండీ అలాంటిదే అయితే మామూలు ఎల్‌ఈడీ బల్బు వెలగదు, ఎటు పెట్టినా వెలిగే రకం కావాలి.

స్పీడోమీటర్ కేబుల్ నట్టు చేత్తోనే వస్తుంది. బల్బు హోల్డర్లు చాలావరకు మీటరు వెనక గుచ్చి ఉంటాయి. వైరు పట్టుకుని లాగితే వైరు ఊడొచ్చి హోల్డర్ అక్కడే ఉండిపోతుంది, అంచు పట్టుకుని తిన్నగా లాగండి. కొన్ని బండ్లలో టెంపరేచర్ మీటరుకు సన్నటి రాగి గొట్టం ఉంటుంది. అది వైరు కాదు, దాంట్లో ద్రవం ఉంటుంది. మడతపడి చిట్లిందా, ఆ మీటరు పనికిరాదు. ఆయిల్ ప్రెజర్ మీటరుకు గొట్టం ఉంటే, దాన్ని విప్పేముందు కింద గుడ్డ పెట్టండి.

అసలు మరమ్మతు: ఎర్త్

ఈ మీటర్లలో బల్బుకు ఒక్క వైరే వస్తుంది. తిరుగు దారి హోల్డర్ రేకు, మీటరు డబ్బా, క్లాంపు, డాష్ రేకు మీదుగా బాడీకి. దారిలో నాలుగు చోట్ల తుప్పుగానీ పెయింటుగానీ అడ్డం రావచ్చు. డాష్‌కు కొత్తగా పెయింట్ వేయించిన బండ్లలో లైట్లు మసకబారేది అందుకే.

బ్యాటరీ తిరిగి కలిపి, లైట్లు వేసి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టులకు తిప్పండి. ఒక కొన బ్యాటరీ ఎర్త్ పోల్ మీద, రెండోది మీటరు డబ్బా మీద ఆనించండి. 0.1 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టో ఒక వోల్టో వస్తే అంత కాంతి దారిలోనే పోతోందన్నమాట. తర్వాత హోల్డర్ నడిమి మొన దగ్గర చూడండి, డిమ్మర్ పూర్తిగా తెరిచి ఉంచి. బ్యాటరీ వోల్టేజీకి అర వోల్టుకు మించి తగ్గితే లోపం లైట్ స్విచ్ వైపు.

నివారణ తేలిక. బ్యాటరీ మళ్లీ విప్పి, నల్ల వైరును ప్రతి మీటరు వెనక నట్టు కిందా రింగ్ లగ్గుతో బిగిస్తూ వరసగా కలిపి, చివరి కొనను డాష్ కింది బోల్టు ఒకదానికి ఇవ్వండి. ఆ బోల్టు చుట్టూ పెయింటు మెరిసే రేకు వచ్చేదాకా గీకి, బిగించాక పైన కాస్త వాజిలైన్ రాయండి. హోల్డర్ లోపల తెల్లటి పొడి ఉంటే ఎమరీ పేపర్‌ను చుట్టగా చుట్టి తిప్పండి.

బల్బు ఎంపిక

పాత బల్బు అడుగు భాగం ఏ రకమో చూసి కొనండి. మరలుండేది ఈ10, పక్కల రెండు ముళ్లుండేది బీఏ9ఎస్, రేకు లేకుండా గాజే గుచ్చుకునేది టీ10 లేదా టీ5. పాత లూకాస్ రకం మర బల్బు 12 వోల్టులు, 2.2 వాట్లు. వెలుగు పెరుగుతుందని దాని స్థానంలో 5 వాట్ల బల్బు పెట్టే అలవాటు షాపుల్లో ఉంది. వేడికి డయల్ రంగు మాడుతుంది, ప్లాస్టిక్ ఫిల్టర్ వంకర తిరుగుతుంది.

ఎల్‌ఈడీ అయితే ముందుకు మాత్రమే కాంతి చిమ్మేది వద్దు, డయల్ మీద ఒకచోట మచ్చలా పడుతుంది. పక్కలకూ చిప్పులున్నది తీసుకోండి. మీటరు డబ్బా లోపలి తెలుపు పసుపెక్కి ఉంటే కొత్తగా తెల్ల పెయింట్ వేయండి. ఇంతకు మించిన అప్‌గ్రేడ్ లేదు, ఖర్చూ లేదు. ఫిల్టర్ ఆకుపచ్చదైతే ఆకుపచ్చ ఎల్‌ఈడీ లేదా వార్మ్ వైట్ పెట్టండి. దాని వెనక ఎర్రది పెడితే దాదాపు చీకటే.

రెండుచోట్ల మాత్రం పాత బల్బునే ఉంచండి. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో చార్జింగ్ ఎర్ర లైటు గుండానే ఆల్టర్నేటర్‌కు మొదటి కరెంటు అందుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే ఇంజను రేజ్ చేసేదాకా చార్జింగ్ మొదలుకాకపోవచ్చు. అలాగే కుడి ఎడమలకు కలిపి ఒకే ఇండికేటర్ లైటున్న చోట కరెంటు రెండు దిక్కులా పారుతుంది, మామూలు ఎల్‌ఈడీ ఒక వైపుకే వెలుగుతుంది.

డిమ్మర్ సంగతీ చెప్పాలి. ఆరు ఎల్‌ఈడీలు కలిసినా పదో వంతు ఆంపియర్‌కు అటూఇటూ తాగుతాయి, ఆ కాస్త కరెంటుకు పాత డిమ్మర్ తిప్పినా పెద్దగా తేడా రాదు. తక్కువ ధరకు దొరికే స్ట్రిప్ డిమ్మర్లు చాలావరకు మైనస్ వైపును తెంచి కలుపుతాయి. మైనస్ ఎర్త్ బండ్లలో హోల్డర్ల మైనస్ బాడీకే అతుక్కుని ఉంటుంది కాబట్టి అవి అక్కడ పనిచేయవు. ప్లస్ వైపు నియంత్రించేదని అడిగి కొనండి.

స్విచ్‌లకు వెలుగు

లాగే స్విచ్‌లకు లోపల లైటు ఉండదు. డాష్ కింది అంచు వెనక, స్విచ్ వరసకు పైన, వార్మ్ వైట్ ఎల్‌ఈడీ స్ట్రిప్ ముక్క దాచితే చాలు. మూడు ఎల్‌ఈడీలకు ఒకచోట కత్తిరించే గుర్తు ఉంటుంది, అక్కడే కోయండి. 12 వోల్టుల స్ట్రిప్పుకు ఇంజను నడిచేటప్పుడు 14.4 వోల్టుల దాకా వస్తుంది, లోపలి కరెంటు రెట్టింపు దాకా పోతుంది. ఒక్కో మూడు ఎల్‌ఈడీల ముక్కకు 330 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో కలపండి. వెలుగు తగ్గుతుంది, రాత్రి కళ్లకు అదే హాయి. స్ట్రిప్ వెనక బంక మే నెల ఎండలో నిలబడదు, చిన్న అల్యూమినియం పట్టీతో బిగించండి.

లైటున్న రాకర్ స్విచ్ పెట్టాలనుకుంటే కొనేముందు కాళ్లు లెక్కపెట్టండి. మూడు కాళ్లదాంట్లో సాధారణంగా స్విచ్ వేసినప్పుడే లైటు వెలుగుతుంది, వేయకముందు చీకట్లో వెతుక్కోవలసిందే. లైటుకు విడిగా కాలున్న నాలుగు కాళ్లది తీసుకుని ఆ కాలిని ప్యానెల్ లైట్ల వైరుకు ఇవ్వండి.

స్ట్రిప్పుకు కరెంటు కూడా ప్యానెల్ లైట్ల వైరు నుంచే తీసుకోండి, జాయింటుకు దగ్గరగా 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. వైరు తొక్క గీసి, మెలిపెట్టి, టేపు చుట్టే పద్ధతి వద్దు. డాష్ వేడికి టేపు బంక కారిపోయి రాగి బయటపడుతుంది. సోల్డర్ చేసి హీట్‌ష్రింక్ వేయండి.

మీటర్లు బిగించేముందే ఇంజను నడిపి అన్ని లైట్లూ చూడండి. ఆల్టర్నేటర్‌కు బదులు డైనమో, పాత కటౌట్ (డైనమోను బ్యాటరీకి కలిపి, విడదీసే రిలే) ఉన్న బండ్లలో ఐడిలింగ్‌లో వోల్టేజీ ఊగుతుంది, చవక ఎల్‌ఈడీలు దానికి అనుగుణంగా వణుకుతాయి. లోపలే వోల్టేజీ రెగ్యులేటర్ ఉన్నవైతే ఆ బాధ ఉండదు. స్పీడోమీటర్ కేబుల్ తిరిగి పెట్టేటప్పుడు పదును మలుపు రాకుండా చూసుకోండి, వస్తే తక్కువ వేగంలో ముల్లు కొట్టుకుంటుంది. నట్టు చేత్తో బిగిస్తే సరిపోతుంది, ప్లయర్ అక్కర్లేదు.