ఘాటీలో ఆటోమేటిక్ పికప్ గేర్‌బాక్సు వేడెక్కితే: సమస్య - పరిష్కారం

విజయనగరం నుండి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వరకు 26వ నంబరు జాతీయ రహదారి మీద ఎంత లోడుతో వెళ్లినా గేర్‌బాక్సు వేడి సంగతి ఎవరికీ గుర్తు రాదు. సాలూరు దాటి, ఒడిశా వైపు సుంకి ఘాటీ ఎక్కుతూ, లోడు లారీ వెనుక గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పాకవలసి వచ్చినప్పుడే మీటరులో హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని చూడగానే గేర్‌బాక్సు పోయిందని భయపడి ఖర్చుకు సిద్ధమయ్యేవారిని, ఏమీ కాదులే అని అలాగే లాగించి నిజంగానే పోగొట్టుకున్నవారిని కూడా నేను చూశాను. వేడి ఎప్పుడు, ఎక్కడ మొదలవుతోందో గమనిస్తే కారణం సగం దొరికినట్టే కనుక, ఈ వివరాలను ఆ వరుసలోనే రాస్తున్నాను.

ముందుగా వేడి ఎలా పుడుతుందో తెలియాలి. మాన్యువల్ బండిలో క్లచ్ ప్లేటు చేసే పనిని ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ చేస్తుంది. దాని లోపల ఇంజన్ వైపు రెక్కలు ఆయిలును విసురుతుంటే, ఆ ఆయిలు తాకిడికి గేర్‌బాక్సు వైపు రెక్కలు తిరుగుతాయి. ఈ రెండింటి వేగాల మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉంటే అంత శక్తి ఆయిలులో వేడిగా మారిపోతుంది. చదును రోడ్డు మీద నిలకడగా వెళ్తున్నప్పుడు లాకప్ క్లచ్ ఆ రెండింటినీ కలిపి పట్టేస్తుంది కనుక వేడి తక్కువ. ఘాటీలో నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఆ పట్టు విడిపోతుంది, పైగా గాలి కూడా చాలినంత తగలదు.

చాలా బండ్లలో ఆయిలు 80 నుండి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే అది మామూలు స్థితి. 110 దాటి పెరుగుతూ పోతుంటే బండిని ఆపాలి. 120 దాటి ఎక్కువసేపు ఉంటే ఆయిలు మాడి, వాల్వుల మీద వార్నిషు లాంటి పొర కడుతుంది. 150 దగ్గరకు వెళ్తే క్లచ్ ప్లేట్ల పూతే కాలిపోతుంది. ప్రతి పది డిగ్రీల పెరుగుదలకు ఆయిలు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని మెకానిక్కులు చెప్పే లెక్కను నేను నమ్ముతాను. చాలా పికప్‌లలో దీపమే తప్ప అంకె చూపే మీటరు ఉండదు కనుక, స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్టులో (బండి కంప్యూటరు వివరాలు చదివే చోటు) పెట్టే చిన్న రీడరును కొని, అది మీ మోడలులో గేర్‌బాక్సు ఆయిలు వేడిని చూపుతుందో లేదో సరిచూసుకోండి.

ఘాటీలో మాత్రమే వేడెక్కుతోంది, కింద అంతా బాగుంది

ఇది రోగం కాదు, పని భారం. సురక్షితమైన చోట పక్కకు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రం వెనుక రాయి పెట్టి, గేరును పార్కులో ఉంచండి. ఇంజన్‌ను మాత్రం ఆపకండి. గేర్‌బాక్సు పంపును తిప్పేది ఇంజనే కనుక, అది ఆగితే ఆయిలు తనను చల్లార్చే కూలరు వైపు కదలక వేడి లోపలే నిలిచిపోతుంది. ఏసీ ఆపి, ఇంజన్‌ను 1000 నుండి 1200 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు నడిపితే అంకె దిగుతుంది. ఇంజన్ నీటి వేడి ముల్లు కూడా ఎర్రగీత దగ్గర ఉంటే అది వేరే సమస్య, అప్పుడు ఇంజన్‌ను ఆపవలసిందే. చల్లారే వరకు రేడియేటరు మూతను తాకకూడదు.

తిరిగి బయలుదేరాక, గేరును డ్రైవ్‌లో వదలకుండా మాన్యువల్ పద్ధతిలో రెండు లేదా మూడులో నిలిపి ఎక్కండి. గేర్లు మాటిమాటికీ మారడం ఆగుతుంది. ముందున్న లారీని కొంత దూరం పోనిచ్చి నిలకడగా ఎక్కడం, దాని వెనుకే ఆగుతూ కదులుతూ పోవడం కంటే ఎంతో మేలు. ఏటవాలులో బండిని యాక్సిలరేటరుతో నిలబెట్టే అలవాటును మానాలి, ఎందుకంటే ఆ క్షణంలో ఇంజన్ శక్తి అంతా ఆయిలును కాచడానికే పోతుంది. మట్టిదారిలో, తోటల్లో ఫోర్ వీల్ లో-రేంజి (నాలుగు చక్రాలనూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిప్పే గేరు) ఎంతో సాయం చేస్తుంది గాని, ఎండు తారు రోడ్డు మలుపుల్లో దానిని వాడితే ముందు, వెనుక ఇరుసుల మధ్య బిగువు పెరిగి వేరే చోట దెబ్బ తగులుతుంది.

చదును రోడ్డు మీద కూడా వేడెక్కుతోంది

ఇక్కడ ముందుగా అనుమానించవలసింది కూలరును. మన వైపు కోతల కాలంలో చోళ్లు, ఉలవలు రోడ్డు మీదే పరిచి, వచ్చేపోయే బండ్ల చక్రాల కింద నూర్పిడి చేయడం అందరికీ తెలిసినదే. ఆ పొట్టు గ్రిల్లు గుండా లోపలికి పోయి, ఏసీ కండెన్సరుకు, రేడియేటరుకు మధ్యనున్న సందులో పేరుకుంటుంది. ముందు నుండి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. ఒకసారి నా బండి పైరేకు విప్పి టార్చిలైటు వేసి చూస్తే, ఉలవ పొట్టు, దుమ్ము, చచ్చిన పురుగులు కలిసి గోనెపట్టాలా మందంగా అతుక్కుని ఉన్నాయి. తక్కువ ఒత్తిడి నీటితో, ఇంజన్ వైపు నుండి బయటికి కడగాలి. సర్వీసింగు తుపాకీని దగ్గరగా పెడితే సన్నని అల్యూమినియం రేకులు వంగి, గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. గ్రిల్లుకు అడ్డంగా బిగించిన అదనపు లైట్లు, బోర్డులు ఉంటే తీసేయండి. ఇంత చేసినా వేడి తగ్గకపోతే కూలరు గొట్టం నలిగిందేమో, కూలరు దారిలోని థర్మోస్టాట్ వాల్వు మూసుకుని ఇరుక్కుపోయిందేమో, రేడియేటరు ఫ్యాను సరిగా తిరుగుతోందో లేదో చూడాలి.

ఆయిలు మార్చిన తరువాతే తేడా మొదలైంది

నిరుడు వేసవిలో నా బండికి జరిగినది ఇదే. ఒక షెడ్డులో ఆయిలు మార్పించాక, పొద్దున్నే డ్రైవ్‌లో వేస్తే రెండు క్షణాలు ఆలస్యంగా కదిలేది, సన్నని కూత వినిపించేది, బొబ్బిలి చేరేసరికే అంకె 105 దాటేది. కారణం లెవెల్ చూసిన పద్ధతిలో ఉంది. డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే కడ్డీ) లేని గేర్‌బాక్సుకు కింద ఓ లెవెల్ బోల్టు ఉంటుంది. అక్కడివారు ఇంజన్ ఆపి దానిని విప్పారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు పంపు పైకి లాగే ఆయిలు అప్పుడు అడుగు తొట్టిలోనే ఉంటుంది కనుక, నిండకుండానే బయటికి పొర్లింది, నిండిందని బిగించేశారు. తరువాత సరిగా చూసినప్పుడు లీటరుకు పైగా పట్టింది.

సరైన పద్ధతి ఇది. బండి నాలుగు చక్రాలూ సమానమైన ఎత్తులో ఉండాలి. ఇంజన్ నడుస్తుండగా, బ్రేకు తొక్కి ప్రతి గేరులో కొన్ని క్షణాలు ఉంచి, తిరిగి పార్కుకు తేవాలి. ఆయిలు వేడి ఆ మోడలు సర్వీసు పుస్తకంలో చెప్పిన హద్దులో ఉండాలి. చాలా బండ్లకు అది 35 నుండి 45 డిగ్రీల ప్రాంతం. అప్పుడు బోల్టు విప్పితే సన్నని దారంలా కారి, ఆ దారం తెగి బొట్లుగా మారుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే బోల్టు బిగించాలి, పాత వాషరు వాడకూడదు. బాగా వేడిగా ఉన్నప్పుడు చూస్తే ఆయిలు వ్యాకోచించి ఎక్కువ కారిపోతుంది. అలాగని కాస్త ఎక్కువ పోస్తే మంచిదనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే తిరిగే భాగాలు ఆయిలును చిలికి నురగ చేస్తాయి, నురగలో ఒత్తిడి నిలవక క్లచ్‌లు జారుతాయి.

ఆయిలు రంగు మారింది

తెల్లని నూలుగుడ్డ మీద ఒక బొట్టు వేసి చూడండి. ఎర్రగా, తేటగా పరుచుకుంటే మంచిది. గోధుమ రంగులో ఉంటే పాతబడింది, మార్చాలి. నల్లగా ఉండి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం. అప్పుడు అడుగు తొట్టి విప్పించి అందులోని అయస్కాంతాన్ని చూడాలి. దాని మీద మెత్తని బూడిదరంగు ముద్ద ఉండటం సహజం, గుచ్చుకునే ఇనుప ముక్కలు ఉంటే మాత్రం ఆయిలు మార్పుతో తీరే సమస్య కాదు.

రోజ్‌మిల్క్ రంగులో చిక్కగా కనిపిస్తే బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. రేడియేటరు లోపలి కూలరు చిల్లుపడి నీరు కలిసిందని దాని అర్థం. ఆ నీరు క్లచ్ ప్లేట్ల పూతను అతికించిన జిగురును ఊడగొడుతుంది. రేడియేటరు మార్చి, కన్వర్టరుతో సహా ఆయిలంతా పూర్తిగా కడిగించాలి.

50, 60 కిలోమీటర్ల వేగంలో వణుకు

యాక్సిలరేటరు తేలికగా తొక్కినప్పుడు రంబుల్ స్ట్రిప్ మీద వెళ్తున్నట్టు వణికితే, లాకప్ క్లచ్ పట్టీపట్టక జారుతోందని తెలుసుకోవాలి. పాతబడిన ఆయిలు, లేదా ఆ బండికి చెందని ఆయిలు దీనికి తరచు కారణం. డబ్బా మీద ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు) అని ఉంటే చాలదు. తయారీదారు చెప్పిన స్పెసిఫికేషను పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఒకసారి డ్రెయిన్ చేస్తే సగం లోపే బయటికి వస్తుంది, మిగతాది కన్వర్టరులో ఉండిపోతుంది, కనుక మధ్యలో కొన్ని రోజులు నడుపుతూ రెండు మూడు విడతలుగా మార్చడం మంచిది. ఆయిలు జీవితాంతం సరిపోతుందని ఎవరు చెప్పినా, లోడుతో ఘాటీలు ఎక్కే బండికి 50,000 నుండి 60,000 కిలోమీటర్ల లోపు మార్పించమనే నా సలహా.

బండి దారిలో పూర్తిగా నిలిచిపోతే, తాడు కట్టి లాగించకండి. ఇంజన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే గేర్‌బాక్సు లోపల ఆయిలు పారదు, బేరింగులు ఎండిపోయి అరుగుతాయి. నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా రికవరీ లారీ మీదికి ఎక్కించాలి. అది దొరకని చోట, ముందు వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పించిన తరువాతే లాగించాలి.