విశాఖలో వన్యప్రాణుల సంరక్షణ కేంద్రానికి సామాన్లు ఇవ్వడం ఎలా?

రెక్క విరిగిన గద్దకో, చెట్టు మీంచి జారిపడ్డ ఉడుత పిల్లకో వైద్యం చేసే చోట రోజూ ఖర్చయ్యేవి చాలా మామూలు వస్తువులు: పాత బట్టలు, గ్లౌజులు, సిరంజిలు, బ్లీచింగ్ పౌడర్. సాయం చేద్దామనుకున్న మనం మాత్రం ప్రేమకొద్దీ బ్రెడ్డు ప్యాకెట్లు, బిస్కెట్లు పట్టుకెళ్తాం. అవి పనికిరాకపోగా కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఏదైనా కొనే ముందే ఒకసారి అడగాలి.

ఎవరిని అడగాలి?

మన ఊళ్లో వన్యప్రాణుల బాధ్యత అటవీ శాఖది. ఎండాడ దగ్గర కంబాలకొండను ఆనుకుని ఇందిరా గాంధీ జూ పార్క్ ఉంది. సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాలు, పులుల కోసం జంతు సంరక్షణ కేంద్రం కూడా అక్కడే వెలిసింది. జూ క్యూరేటర్ ఆఫీసుకు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి: ఇప్పుడు ఏం తక్కువగా ఉంది, ఎంత కావాలి, ఏ రోజు తెమ్మంటారు. సోమవారం జూకి సెలవు కాబట్టి ఆ రోజు బయల్దేరకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లను కాపాడడానికి అటవీ శాఖ ఇసుకలో హేచరీలు, అంటే గుడ్లు పొదిగేదాకా కంచె కట్టి కాపాడే చోట్లు, ఏర్పాటు చేస్తుంది. వలలు, వెదురు కర్రలు ఇవ్వగలిగితే ఆ సీజన్‌కు ముందే మాట్లాడండి.

ఏం ఇస్తే ఉపయోగం?

బట్టలతో మొదలుపెడదాం. పక్షిని పట్టుకోవడానికి, బోనులో పరచడానికి, బోను మీద కప్పి చీకటి చేయడానికి అన్నిటికీ బట్టే. చుట్టూ చీకటిగా ఉంటే భయపడిన ప్రాణి త్వరగా కుదుటపడుతుంది. పాత దుప్పట్లు, లుంగీలు, నేత చీరలు బాగా పనికొస్తాయి. చీరకు జరీ అంచు ఉంటే కత్తిరించేయండి. గుండీలు, హుక్కులు, జిప్పులు తీసేయండి. పోగులు లేచిన టర్కీ టవల్ మాత్రం వద్దు, ఆ పోగుల్లో పిట్ట గోళ్లు, కాలివేళ్లు చిక్కుకుంటాయి. అన్నీ ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టి ఇవ్వండి. సెంటు వాసన వచ్చే లిక్విడ్లు వాడకండి, బీరువాలోని కలరా ఉండల వాసన కూడా ఉండకూడదు.

బట్టల తర్వాత నేను ముందుగా చెప్పేది వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు. ఒక్క గ్రాము తేడా కూడా చూపించేది కావాలి. పిగిలిపిట్ట బరువు ముప్ఫై నలభై గ్రాములకు మించదు. మందు మోతాదు బరువును బట్టే లెక్కవేస్తారు కాబట్టి అక్కడ అయిదు గ్రాముల పొరపాటు కూడా చాలా పెద్దది. ఇంత చిన్న వస్తువు ఇన్ని ప్రాణాలకు అక్కరకొస్తుందని చాలామందికి తెలియదు.

సూది లేని ఒక మిల్లీలీటరు, అయిదు మిల్లీలీటర్ల సిరంజిలు, గాజుగుడ్డ, దూది, వేడినీళ్ల బ్యాగులు, మూతలున్న ప్లాస్టిక్ బుట్టలు, న్యూస్‌పేపర్లు కూడా అడిగి ఇవ్వొచ్చు. వేసవిలో గ్రీన్ నెట్, గోనె సంచులు కావాలంటే పూర్ణా మార్కెట్‌లో చూడండి. తుపాను సీజన్ వస్తుందంటే టార్పాలిన్లు, టార్చిలైట్లు ముందే చేరాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఈ నగరాన్ని ఏం చేసిందో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఏవి ఇవ్వకూడదు?

ఆవు పాలు, గేదె పాలు వద్దు. పక్షులకు పాలు అరగవు, ఉడుత పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. వండిన అన్నం, స్వీట్లు, బ్రెడ్డు కూడా అంతే. పులులకని మాంసం కొని తీసుకెళ్లకండి, వాటి ఆహారాన్ని అక్కడి డాక్టర్లే చూసుకుంటారు. రైతు బజార్ నుంచి పళ్లు, ఆకుకూరలు ఇవ్వాలని ఉంటే ఏ రకం, ఎన్ని కిలోలు అని అడిగాకే కొనండి.

ఇంట్లో మిగిలిపోయిన మందులు ఇవ్వడం అసలే మంచిది కాదు. రాబందులు అంతరించిపోయే స్థితికి ప్రధాన కారణం పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు; చనిపోయిన ఆ పశువుల మాంసం తిన్న రాబందులకు అదే విషమైంది. పశువైద్యంలో దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. మనకు నొప్పి తగ్గించే మాత్ర ఇంకో ప్రాణికి విషం కావచ్చు. మందులు ఇవ్వాలంటే డాక్టర్ రాసిన జాబితా తీసుకుని, సీలు తీయని, గడువున్న పెట్టెలే కొనండి.

తీసుకెళ్లి ఇచ్చేటప్పుడు

ఒక్కో రకం ఒక్కో అట్టపెట్టెలో సర్ది, పైన ఏముందో, ఎన్ని ఉన్నాయో, మందులైతే గడువు తేదీ కూడా తెలుగులో పెద్దగా రాయండి. వైద్యంలో ఉన్న ప్రాణిని చూపించమని, ఫొటో తీసుకుంటామని అడగకండి. మనుషులకు అలవాటుపడిన అడవి ప్రాణిని తిరిగి అడవిలో వదలడం కష్టం. పిల్లలను వెంట తీసుకెళ్తే ఈ మాట ముందే నచ్చజెప్పండి.

గాయపడిన పక్షి దొరికితే ఈ సామాన్లు కొని ఇంట్లోనే పెంచుకుందామనుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో ఉంచుకోవడం కూడా నేరమే. అటవీ శాఖకు అప్పగించాలి.

సామాన్లు మోసుకెళ్లడం కుదరకపోతే జూలో జంతువుల దత్తత పథకం ఉంది. పిల్లల పుట్టినరోజుకు ఒక జంతువు మేత ఖర్చు భరించవచ్చు. పన్ను మినహాయింపు కావాలనుకుంటే 80జీ రసీదు ఇస్తారేమో ముందే అడగండి. వస్తువుల రూపంలో ఇచ్చినదానికి 80జీ వర్తించదు, నగదైతే రెండు వేల రూపాయలు దాటితే వర్తించదు. కాబట్టి పెద్ద మొత్తమైతే చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ మేలు.