గుండె రక్తనాళాల జబ్బుతో చురుగ్గా ఉండటం – పాఠం 3: ఎంత స్పీడ్‌గా నడవాలి?

డాక్టర్‌ని అడిగి, అవసరమైతే ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించుకుని నడవడానికి ఓకే అనిపించుకోమని పోయిన పాఠంలో చెప్పా కదా, అదయిపోయిందనుకునే ముందుకెళ్తున్నా. కానివాళ్లు ఇక్కడే ఆగండి. ఈసారి నేర్చుకునేది, నడిచేటప్పుడు గుండె మీద ఎంత భారం పడుతోందో మనమే పసిగట్టడం.

చాలామంది స్మార్ట్ వాచ్ పెట్టుకుని 220 లోంచి వయసు తీసేసి, వచ్చిన నంబర్‌ని గుండె నిమిషానికి కొట్టుకోగల గరిష్ఠ వేగం అనుకుని లెక్కలేసుకుంటారు. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడేవాళ్లకి ఆ లెక్క పనికిరాదండి, ఆ మందు పనే గుండె వేగాన్ని అణిచి ఉంచడం, మీకు ఆయాసం వస్తున్నా వాచ్‌లో నంబర్ తక్కువే కనిపిస్తుంది, అది చూసి ఇంకా స్పీడ్ పెంచారంటే చిక్కే.

దానికన్నా మాట టెస్ట్ నమ్మకమైంది. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. పాట హాయిగా వచ్చేస్తోందంటే ఇంకాస్త వేగం పెంచొచ్చు, రెండు మూడు మాటలకోసారి ఊపిరి అందట్లేదంటే తగ్గించాలి. ఒక్కళ్లే నడిచేవాళ్లు ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు నటించండి, ఎవరూ పట్టించుకోరులెండి! గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ సైకాలజిస్ట్ చేసిన స్కేల్ కూడా ఉంది, 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక నా వల్ల కాదు, మామూలుగా మనకి 11 నుంచి 13 దాకా చాలు.

మొదటి 5–10 నిమిషాలు మెల్లగా నడవడం మాత్రం ఎగ్గొట్టొద్దు. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది కొట్టుకున్నాక వదులైనప్పుడే, వేగం పెరిగేకొద్దీ ఆ వదులయ్యే టైమ్ తగ్గిపోతుంది, పైగా అప్పుడే కండరానికి రక్తం ఎక్కువ కావాలి, నాళం సన్నబడి ఉంటే ఇక చాలదు, అదే ఛాతీ పట్టేసినట్టు అనిపించడం. చలిగాలిలో, కడుపునిండా తిన్న వెంటనే ఇది ఇంకా తొందరగా వస్తుంది. చివర్లో కూడా టక్కున ఆగకుండా నెమ్మదిగా ఆపాలి.

ఛాతీలో బరువు, దవడలోనో చేతిలోనో లాగడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం, ఏదొచ్చినా ఆగి కూర్చోండి. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పే తెలియకపోవచ్చు, ఆయాసాన్నే లెక్కలోకి తీసుకోండి. డాక్టర్ రాసిన నైట్రేట్ మాత్ర (ఛాతీ నొప్పి తగ్గించేది) నాలుక కింద పెట్టుకునేది కూర్చునే, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి కాబట్టి. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటిది వేసుకుని ఉంటే మాత్రం ఆ మాత్ర ముట్టుకోవద్దు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. 5 నిమిషాల్లో తగ్గకపోయినా, పెరుగుతున్నా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లే సాహసం అస్సలొద్దు. ఊరికే కూర్చున్నప్పుడే నొప్పొస్తున్నా, ఇదివరకటికంటే తక్కువ నడకకే వస్తున్నా నడక ఆపేసి అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి.

ఈ వారం హోంవర్క్: రోజూ నడిచాక ఎన్ని నిమిషాలు, మాట వచ్చిందా లేదా, బోర్గ్ నంబర్ ఎంత, ఈ మూడూ రాసుకోండి. వారానికి 150 నిమిషాల టార్గెట్ గురించి ఇప్పుడే కంగారొద్దు, మెట్లు, బరువులతో పాటు అదీ వచ్చే పాఠంలో చూద్దాం.