సముద్రానికి అడ్డుకట్ట – 4వ పాఠం: రాయి ఎన్ని టన్నులుండాలి?

గత పాఠంలో బ్రేక్‌వాటర్ (అలల్ని ఆపే అడ్డుకట్ట) పొరలు చూశాం: మధ్యలో చిన్నాపెద్దా క్వారీ రాళ్ళ గుట్ట, దాని మీద మధ్య పొర, అన్నిటికీ పైన అల దెబ్బ కాసే పెద్ద రాళ్ళు. ఈసారి ఆ పైరాయి బరువు లెక్క కడదాం. తుఫాను వెళ్ళిన మర్నాడు ఉప్పాడ బీచ్ రోడ్డు చూసినవాళ్ళకి ఈ లెక్క ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఒడ్డుకు కాపుగా వేసిన రాళ్ళే రోడ్డు మీద పడి ఉంటాయి.

మనం వాడేది హడ్సన్ సూత్రం. 1950లలో అమెరికా సైనిక ఇంజనీర్ల ప్రయోగశాలలో, తొట్టెల్లో అలలు పుట్టించి చేసిన పరీక్షల నుంచి వచ్చింది.

రాయి బరువు ఒక భిన్నంగా వస్తుంది. భిన్నంలో పైన వేసేది: రాయి సాంద్రత × అల ఎత్తు ఘనం.
కింద వేసేది: గుణకం × (సాపేక్ష సాంద్రత − 1) ఘనం × వాలు. గుణకం అంటే రాళ్ళు అల దెబ్బకి ఎంత గట్టిగా నిలుస్తాయో చెప్పే అంకె.

గ్రానైట్ ఘనపు మీటరుకి 2.65 టన్నులు, సముద్రపు నీరు 1.025. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సాపేక్ష సాంద్రత 2.585. అందులో 1 తీసేసి ఘనం చేస్తే 3.98. మీటరు ఎత్తుకి రెండు మీటర్లు జరిగే వాలైతే 2. గరుకు రాళ్ళు రెండు వరుసలు వేసి, అల కట్ట మీదే విరిగేచోట గుణకం 2.

3 మీటర్ల అలకి: 2.65 × 27 = 71.55. దాన్ని 2 × 3.98 × 2, అంటే 15.92తో భాగిస్తే 4.5 టన్నులు.

ఇప్పుడు అల 6 మీటర్లు అనుకోండి. రాయి 9 టన్నులు కాదు, 36 టన్నులు! ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు. అందుకే నా మాట ఒక్కటే: మీ టైమంతా అల ఎత్తు తేల్చడానికే పెట్టండి. అక్కడ పది శాతం తక్కువ వేస్తే రాయి బరువు పాతిక శాతం పైనే తగ్గిపోతుంది.

36 టన్నుల రాయిని పగలకుండా క్వారీలో తియ్యడమే కష్టం, ఇక లారీ సంగతి సరే సరి. అక్కడే టెట్రాపాడ్ అవసరం పడుతుంది. ముంబై మెరైన్ డ్రైవ్ దగ్గర కనిపించే నాలుగు కాళ్ళ కాంక్రీటు దిమ్మె అదే. 1950లో ఫ్రాన్సులో పుట్టింది. కాంక్రీటు గ్రానైట్ కంటే తేలిక. అయినా కాళ్ళు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి కాబట్టి గుణకం 7 దాకా తీసుకోవచ్చు. అదే 6 మీటర్ల అలకి 15 టన్నుల పైచిలుకు దిమ్మె సరిపోతుంది.

ఇదంతా కట్ట నడుము భాగానికి. కొస దగ్గర అల చుట్టూ తిరిగి కొడుతుంది, అక్కడ గుణకం తగ్గించుకోవాలి.

అభ్యాసం: అల 4 మీటర్లు, వాలు 3, రాయీ గుణకమూ పైవే. మీ జవాబు 7 టన్నుల దగ్గర రావాలి. రాకపోతే ముందు ఘనం చేసిన చోట చూసుకోండి.