కాయిన్ సెల్ బ్లూటూత్ సెన్సర్ బ్యాటరీ వారాల్లోనే అయిపోతోందా? స్లీప్ కరెంటు అంకెను బట్టి లోపం పట్టుకోండి

సీఆర్2032 సెల్ సామర్థ్యం దాదాపు 220 మిల్లీఆంప్-అవర్లు. పరికరం సగటున 10 మైక్రోఆంప్‌లు తీసుకుంటే 22,000 గంటలు, అంటే రెండున్నరేళ్లు నడవాలి. అదే అర మిల్లీఆంప్ తీసుకుంటే 440 గంటలే, మూడు వారాలు కూడా రాదు. తలుపు సెన్సర్, ఉష్ణోగ్రత సెన్సర్ లాంటివి దాదాపు ఎప్పుడూ స్లీప్‌లోనే (పని లేక నిద్రలో) ఉంటాయి కాబట్టి బ్యాటరీని తినేది ఎక్కువగా ఆ స్లీప్ కరెంటే. చాలామంది ముందుగా ట్రాన్స్‌మిట్ పవర్ (రేడియో సిగ్నల్ పంపే బలం) తగ్గిస్తారు. అది చివర్లో చేయాల్సిన పని.

ఇక్కడ నార్డిక్ కంపెనీ ఎన్ఆర్ఎఫ్52832 బ్లూటూత్ చిప్‌ను ఉదాహరణగా తీసుకున్నాం. ఆర్‌టీసీ (సమయం లెక్కించే గడియారం) నడుస్తూ, ర్యామ్‌లోని డేటా మొత్తం నిలిచి ఉన్నప్పుడు ఇది సుమారు 1.9 మైక్రోఆంప్‌లు తీసుకుంటుంది. సిస్టమ్ ఆఫ్‌లో (దాదాపు అంతా ఆపేసే గాఢ నిద్రలో) 0.3 మాత్రమే. బోర్డు మొత్తం 3, 4 మైక్రోఆంప్‌ల దగ్గర నిలిస్తే బాగున్నట్టే. అంతకన్నా ఎక్కువ కనిపిస్తే, ఎంత ఎక్కువ అన్నదే కారణం ఎక్కడుందో చెబుతుంది.

ముందు కొలత సరిచూడండి

సమస్య: మల్టీమీటర్ తగిలించగానే పరికరం రీసెట్ అవుతోంది, లేదా అంకె ఒకచోట నిలవడం లేదు.

కారణం: మైక్రోఆంప్ రేంజ్‌లో మీటర్ లోపల 100 ఓమ్‌లు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువ రెసిస్టర్ ఉంటుంది. రేడియో 5 మిల్లీఆంప్‌లు లాగిన క్షణంలో 100 ఓమ్‌ల మీదే అర వోల్టు పోతుంది.

పరిష్కారం: ముందు ఫర్మ్‌వేర్‌లో (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్‌లో) రేడియో ఆపి, స్లీప్ కరెంటు ఒక్కటే కొలవండి. రేడియోతో సహా చూడాలంటే నార్డిక్ పవర్ ప్రొఫైలర్ కిట్ 2 లాంటి పరికరం వాడండి, లేదా 10 ఓమ్‌ల రెసిస్టర్ మీద ఆసిలోస్కోప్ పెట్టండి. 5 మిల్లీఆంప్‌లకు 50 మిల్లీవోల్టులు కనిపిస్తాయి.

ఇవేవీ లేకపోయినా దారి ఉంది. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 3.3 వోల్టులకు ఛార్జ్ చేసి పరికరాన్ని దానిమీదే నడపండి. 5 మైక్రోఆంప్‌లు తీసుకునే పరికరం ఒక వోల్టు దించడానికి 200 సెకన్లు పడుతుంది. పరికరం లేకుండా కెపాసిటర్ ఒక్కటే ఎంత వేగంగా దిగుతుందో ముందే చూసి ఆ లీకేజీని తీసేయాలి. మీటర్‌ను రీడింగ్ తీసేటప్పుడు మాత్రమే ఆనించండి. దాని 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ కూడా 0.3 మైక్రోఆంప్ లాగుతుంది.

ఇంకో మాట. ప్రోగ్రామ్ ఎక్కించాక చిప్ డీబగ్ మోడ్‌లోనే ఉండిపోతుంది, కరెంటు ఎక్కువ చూపిస్తుంది. డీబగ్గర్ తీగలు పీకి, బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాకే కొలవండి. ఈ ఒక్క పని చేయక లేని లోపం కోసం రోజులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

కొన్ని మిల్లీఆంప్‌లు, ఆగకుండా

ముందు చిప్‌కు వెళ్లే సరఫరా తెంచి చూడండి. అయినా మిల్లీఆంప్‌లు పోతుంటే దోషం బోర్డుదే: పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ-సీరియల్ చిప్, లేదా రెగ్యులేటర్. చవక బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 తనకోసమే దాదాపు 5 మిల్లీఆంప్‌లు తింటుంది. దాని బదులు 1.6 మైక్రోఆంప్‌లతో సరిపెట్టుకునే ఎంసీపీ1700 వేయవచ్చు, పిన్నుల వరుస మాత్రం చూసుకోండి. కాయిన్ సెల్‌కైతే అసలు రెగ్యులేటరే అక్కర్లేదు. ఈ చిప్ 1.7 నుంచి 3.6 వోల్టుల దాకా నేరుగా నడుస్తుంది.

చిప్పే తింటుంటే సీపీయూ నిద్రపోవడం లేదన్నమాట. డీసీ-డీసీ కన్వర్టర్ (చిప్ లోపల కరెంటు ఆదా చేసే వోల్టేజీ మార్పిడి) ఆన్‌లో ఉంటే 3.7, లేకపోతే 7.4 మిల్లీఆంప్‌ల దగ్గర అంకె నిలుస్తుంది. ఖాళీ లూప్‌తో సమయం గడిపే డిలే ఫంక్షన్లను తీసేసి టైమర్ పెట్టండి. అయినా తగ్గకపోతే ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) లెక్కలు ఉన్నాయేమో చూడండి. ఈ చిప్ ఎర్రాటా (తయారీదారు ప్రకటించిన లోపాల) జాబితాలో 87వ అంశం ఇదే: ఎఫ్‌పీయూ (ఆ లెక్కలు చేసే భాగం) ఇంటరప్ట్, అంటే సీపీయూను లేపే సంకేతం, పెండింగ్‌లో ఉండిపోతే, నిద్రలోకి పంపిన ప్రతిసారీ సీపీయూ వెంటనే లేస్తుంది. స్లీప్ ఆదేశానికి ముందు ఎఫ్‌పీయూ ఫ్లాగులు, పెండింగ్ ఇంటరప్ట్ రెండూ క్లియర్ చేయాలి.

అర మిల్లీఆంప్ నుంచి ఒక మిల్లీఆంప్ దాకా

కారణం దాదాపు ఎప్పుడూ యూఆర్ట్ (సీరియల్ పోర్ట్). రిసీవ్ తెరిచి ఉన్నంతసేపూ హై ఫ్రీక్వెన్సీ క్లాక్ ఆగదు. లాగ్ సందేశాలు తీసేస్తే సరిపోదు, పెరిఫెరల్‌నే (యూఆర్ట్ భాగాన్నే) ఆపాలి. ముందు రిసీవ్ ఆపే టాస్క్ ఇచ్చి, రిసీవర్ టైమ్‌అవుట్ ఈవెంట్ వచ్చేదాకా ఆగి, అప్పుడు డిజేబుల్ చేయండి. ఈవెంట్ రాకముందే డిజేబుల్ చేస్తే డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా డేటా జరిపే భాగం) పూర్తిగా ఆగకపోవచ్చు, కరెంటు అలాగే ఉంటుంది. జెఫిర్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లు విడుదల బిల్డ్‌లో సీరియల్, కన్సోల్, లాగ్ మూడింటినీ ఆపేయాలి.

సరిగ్గా 400 మైక్రోఆంప్‌ల దగ్గర

సెన్సర్ కోసం ఐ2సీ (రెండు తీగల డేటా లైన్), ఇంటరప్ట్ కోసం జీపీఐఓటీఈ (పిన్ను మార్పులను గమనించే భాగం) కలిపి వాడితే వచ్చే సిలికాన్ లోపం ఇది, ఎర్రాటాలో 89వ అంశం. ప్రతి ఐ2సీ లావాదేవీ అయ్యాక పెరిఫెరల్‌ను డిజేబుల్ చేసి, దాని పవర్ రిజిస్టర్‌లో 0 రాసి, మళ్లీ 1 రాయండి. ఆ రిజిస్టర్ బేస్ అడ్రస్‌కు 4092 కలిపిన చోట ఉంటుంది. తర్వాత సెట్టింగులన్నీ తిరిగి ఇవ్వాలి.

తలుపు మూసి ఉన్నప్పుడే 230 మైక్రోఆంప్‌లు

తలుపు సెన్సర్లలో ఎక్కువగా కనిపించే డిజైన్ లోపం ఇదే. తలుపు మూస్తే అయస్కాంతం దగ్గరకొచ్చి రీడ్ స్విచ్ కలుస్తుంది. చిప్ లోపలి పుల్‌అప్ (పిన్నును సరఫరా వోల్టేజీ వైపు లాగి ఉంచే రెసిస్టర్) సుమారు 13 కిలోఓమ్‌లు, కాబట్టి 3 వోల్టుల మీద 230 మైక్రోఆంప్‌లు నేరుగా గ్రౌండ్‌కు పోతూనే ఉంటాయి. ఇంటి తలుపు రోజులో ఎక్కువసేపు మూసే ఉంటుంది. సెల్ నలభై రోజుల్లో ఖాళీ.

లోపలి పుల్‌అప్ ఆపి, బయట 2.2 మెగాఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. కరెంటు 1.4 మైక్రోఆంప్‌లకు దిగుతుంది. అంత పెద్ద విలువ దగ్గర సోల్డరింగ్ ఫ్లక్స్ మరకలు, తేమ కలిసి లీకేజీ దారి చేస్తాయి. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో వానాకాలంలో ఇది బాగా బయటపడుతుంది. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి.

పదుల మైక్రోఆంప్‌లు

ఇక్కడ కారణాలు చిన్నవి, కానీ ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. బ్యాటరీ వోల్టేజీ చూడటానికి పెట్టిన రెండు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్లు ఎప్పుడూ 15 మైక్రోఆంప్‌లు తాగుతాయి. కాయిన్ సెల్ నేరుగా తగిలించినప్పుడు అవి దండగ, ఈ చిప్ ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) సరఫరా వోల్టేజీని లోపలి నుంచే కొలుస్తుంది. ఎస్‌పీఐ ఫ్లాష్ (విడిగా ఉండే మెమరీ చిప్) ఉంటే స్టాండ్‌బైలో వదలకుండా హెక్సా బీ9 కమాండ్‌తో డీప్ పవర్‌డౌన్‌కు పంపండి. పిన్ను ఇంటరప్ట్‌ను హై అక్యూరసీలో కాక పోర్ట్ ఈవెంట్‌గా పెట్టండి.

సెన్సర్ సరఫరాను ట్రాన్సిస్టర్‌తో కట్ చేసినా కరెంటు తగ్గలేదా? ఐ2సీ పుల్‌అప్‌ల ద్వారా, సెన్సర్ లోపలి రక్షణ డయోడ్ల గుండా దానికి దొంగదారిన సరఫరా అందుతోంది. పుల్‌అప్‌లను కూడా అదే కట్ చేసిన లైన్‌కు కలిపి, ఆపేముందు చిప్ పిన్నులను డిస్‌కనెక్ట్ చేయండి.

స్లీప్ బాగుంది, సగటే ఎక్కువ

ఇప్పుడు రేడియో వంతు. ఒక్కో అడ్వర్టైజింగ్‌కు (పరికరం తన ఉనికిని చాటే ప్రసారానికి) 15 మైక్రోకూలోంబ్‌లు ఖర్చయితే, 100 మిల్లీసెకన్లకొకసారి పంపినప్పుడు సగటు 150 మైక్రోఆంప్‌లు, సెకనుకొకసారైతే 15. ఎవరూ కనెక్ట్ కానక్కర్లేకపోతే నాన్-కనెక్టబుల్‌గా పంపండి, ప్రతి ఛానల్ తర్వాత వినే ఖర్చు పోతుంది. తలుపు తెరిచిన వెంటనే 20 మిల్లీసెకన్లకు కొన్ని పంపి, తర్వాత 1285 మిల్లీసెకన్లకు మారడం మంచి పద్ధతి.

కనెక్షన్‌లో ఉంటే స్లేవ్ లేటెన్సీ (ఫోన్ పలకరింపుల్లో కొన్నింటిని వదిలేసే వెసులుబాటు) వాడండి. ఇంటర్వల్ 90 నుంచి 105 మిల్లీసెకన్లు, లేటెన్సీ 18, సూపర్‌విజన్ టైమ్‌అవుట్ (కనెక్షన్ తెగిందని తేల్చే గడువు) 6 సెకన్లు అడిగితే ఐఫోన్ నియమాలకూ సరిపోతుంది. చెప్పడానికేమీ లేనప్పుడు పరికరం దాదాపు 2 సెకన్లకొకసారే లేస్తుంది. ఈ అభ్యర్థన కనెక్ట్ కాగానే కాక, ఫోన్ సర్వీసులు చదివేయడానికి ఓ 5 సెకన్లు ఇచ్చి పంపండి. తుది నిర్ణయం ఫోన్‌దే కాబట్టి, వచ్చిన విలువలు మళ్లీ చదివి చూడాలి.

32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ మిగిల్చుకుందామని లోపలి ఆర్‌సీ క్లాక్ మీద నడపకండి. 500 పీపీఎం (పది లక్షల్లో 500) తేడాకు ప్రతి 2 సెకన్లకు ఒక మిల్లీసెకను ముందే రిసీవర్ తెరవాల్సి వస్తుంది. అదొక్కటే సగటుకు సుమారు 3 మైక్రోఆంప్‌లు, అంటే చిప్ మొత్తం స్లీప్ కరెంటు కన్నా ఎక్కువ.

సెల్ 3 వోల్టులు చూపిస్తున్నా పరికరం రీసెట్ అవుతోంది

లోడ్ లేకుండా కొలిచిన వోల్టేజీని నమ్మకండి. వాడిన సెల్ అంతర్గత నిరోధం పెరుగుతుంది, చలిలో ఇంకా పెరుగుతుంది. 50 ఓమ్‌లున్నప్పుడు 12 మిల్లీఆంప్‌ల లోడ్ 0.6 వోల్టు పడేస్తుంది.

మొదట డీసీ-డీసీ కన్వర్టర్ ఆన్ చేయండి. 0 డీబీఎం (ఒక మిల్లీవాట్) పవర్ దగ్గర ట్రాన్స్‌మిట్ కరెంటు 11.6 నుంచి 5.3 మిల్లీఆంప్‌లకు దిగుతుంది. బోర్డు మీద 10 మైక్రోహెన్రీ, 15 నానోహెన్రీ ఇండక్టర్లు ఉంటేనే ఈ పని చేయాలి. అవి లేకుండా ఆన్ చేస్తే చిప్ అక్కడే ఆగిపోతుంది.

తర్వాత సెల్‌కు సమాంతరంగా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. 3 మిల్లీసెకన్ల రేడియో పనికి 16 మైక్రోకూలోంబ్‌లు కావాలి, సెల్ ఏమీ ఇవ్వకపోయినా వోల్టేజీ 0.16 వోల్టు మాత్రమే పడుతుంది. సాధారణ ఎలక్ట్రోలిటిక్ వద్దు. 6.3 వోల్టుల రకానికి అనుమతించిన లీకేజీయే 6 మైక్రోఆంప్‌ల దాకా ఉండవచ్చు. సిరామిక్ తీసుకోండి, వోల్టేజీ పెరిగేకొద్దీ దాని విలువ తగ్గుతుంది కాబట్టి కొంచెం పెద్దదే వేయండి. ఫర్మ్‌వేర్‌లో సెన్సర్ రీడింగ్, ఫ్లాష్‌లో రాయడం, రేడియో పంపడం ఒకేసారి జరగకుండా, మధ్యలో కెపాసిటర్ మళ్లీ నిండేంత వ్యవధి పెట్టండి.