తుంగభద్రలో మోటారు తీయడానికి దిగే ముందు

కర్నూలులో వాన లేదని ధీమాగా ఏట్లోకి దిగొద్దు. ఇక్కడికొచ్చే వరద చాలావరకు కర్ణాటకలో పడ్డ వానది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుంది కదా.

• డ్యామ్ నుంచి, సుంకేసుల బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో కనుక్కోండి. దండోరా వేసినా, ఫోన్‌కు హెచ్చరిక వచ్చినా మోటారు మీద ఆశ వదిలేయండి. ప్రాణం కంటే అది ఎక్కువ కాదు.

• స్టార్టర్ ఆపి, ఫ్యూజులు పీకాకే తీగ ముట్టుకోండి.

• మబ్బు చూడండి. గోబీపువ్వులా పైపైకి పొంగి, అడుగు నల్లబడి, తల వెడల్పుగా పరుచుకుంటే అది క్యుములోనింబస్, పిడుగుల మబ్బు. ఉరుము వినపడగానే గట్టెక్కి పక్కా ఇంట్లోకి వెళ్లండి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. సూర్యుడు కనపడకుండా బూడిదరంగు మబ్బు ఆకాశమంతా కమ్మితే గంటల తరబడి ముసురు. కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే హంద్రీ నది కూడా పొంగొచ్చు. ఎత్తులో పలుచటి తెల్ల చారలైతే వెంటనే వాన రాదు.

• గట్టు రాయి మీద నీటి అంచున సుద్దతో గీత గీయండి. గీత మునిగినా, నీళ్లు ఎర్రబడి కంపచెట్లు కొట్టుకొస్తున్నా వెంటనే బయటికి రండి.

• ఒంటరిగా వద్దు. గట్టు మీద ఒక మనిషి ఉండాల్సిందే.